సముద్రంలో ఫ్లై ఫిషింగ్: రీల్ కొంటున్నారా? బాక్స్ మీద నంబర్ చూసి మోసపోకండి.. ముందు ఇవి చెక్ చేయండి!

మోకాలి లోతు నీళ్లు. అద్దంలా కింద ఇసుక కనిపిస్తోంది. 20 మీటర్ల దూరంలో బూడిద రంగు నీడ ఒకటి కదిలింది. ఎర వేశారు.. చేప పట్టింది.. అంతే! కొన్ని సెకన్లలో గేలం తాడు మొత్తం బయటికి వెళ్లిపోయి, దాని వెనకున్న దారం కూడా సర్రుమని లాగేసుకుంటోంది. చేప బరువు చూస్తే 3 కిలోలు కూడా ఉండదు!

అమెరికాలోని ఫ్లోరిడా కీస్, పక్కనే ఉన్న బహామాస్ దీవుల్లో బోన్‌ఫిష్ కోసం వెళ్లేవాళ్లకి ఇది మామూలు సీన్. ఆ కొన్ని సెకన్లలో మనిషి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చేయాల్సిందంతా చేతిలో ఉన్న రీలే చేయాలి. అది సరిగ్గా పనిచేయకపోతే దారం తెగుతుంది. తెగితే పోయేది మన సరదా ఒక్కటే కాదు. నోట్లో గేలం, వెనకాల పదుల మీటర్ల తాడు ఈడ్చుకుంటూ ఆ చేప వెళ్లిపోతుంది. మడ చెట్ల వేళ్లకో, పగడపు దిబ్బకో ఆ తాడు చుట్టుకుందంటే అక్కడితో దాని కథ ముగిసినట్టే.

ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాల్లో ఉంటున్న మన తెలుగువాళ్లలో వీకెండ్ ఫిషింగ్‌కి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. అందులో కొందరు ఇప్పుడు ఫ్లై ఫిషింగ్ వైపు చూస్తున్నారు. వాళ్లకి వచ్చే మొదటి డౌట్.. ఏ రీల్ కొనాలి? ఆన్‌లైన్‌లో వందల మోడళ్లు. అన్నింటి మీదా పెద్ద పెద్ద నంబర్లు. అసలు వీటిలో దేన్ని చూడాలి, దేన్ని పట్టించుకోకూడదు? తెలుసుకుందాం.

నదిలో డబ్బా.. సముద్రంలో బ్రేక్

ముందు ఫ్లై ఫిషింగ్ అంటే ఏంటో ఒక్క మాటలో. మామూలు గేలంలో ఎరకో, సీసం గుండుకో బరువుంటుంది. ఆ బరువు తాడుని లాక్కెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ఈకలు, వెంట్రుకలు కట్టిన చిన్న హుక్. దానికి బరువే ఉండదు. అందుకని తాడునే లావుగా, బరువుగా చేస్తారు. రాడ్‌ని ముందుకీ వెనక్కీ ఊపి ఆ తాడుని విసురుతారు. తాడుతో పాటు ఎర వెళ్తుంది. ఈ తాడు బరువుని బట్టే రాడ్లకీ, రీళ్లకీ నంబర్లు ఇస్తారు. 5 నంబర్ అంటే నదిలో ట్రౌట్ చేపలకి. సముద్రానికి వచ్చేసరికి బోన్‌ఫిష్, రెడ్‌ఫిష్‌లకి 8 నంబర్, పర్మిట్‌కి 9 లేదా 10, మనిషంత పొడవుండే టార్పన్‌కి 11 లేదా 12.

నదిలో చిన్న ట్రౌట్ పడితే రీల్‌తో పెద్దగా పనుండదు. తాడుని చేత్తోనే లాగేయొచ్చు. అక్కడ రీల్ అంటే తాడు చుట్టిపెట్టుకునే డబ్బా లాంటిది అన్నమాట. సముద్రంలో కథ మారిపోతుంది. ఇక్కడి చేపలు ఆగవు, తిన్నగా పరిగెడతాయి. అప్పుడు రీల్ ఒక బ్రేక్. ఈ బ్రేక్‌నే డ్రాగ్ అంటారు. స్పూల్ తిరుగుతుంటే దాన్ని రాపిడితో పట్టి ఉంచి, చేప లాగిన కొద్దీ కొంచెం కొంచెంగా వదిలే ఏర్పాటు.

నది కోసం చేసిన పాతకాలం రీళ్లలో ఇంత సీన్ ఉండదు. పళ్లచక్రం మీద చిన్న ఇనుప నాలుక టిక్‌టిక్‌మంటూ తిరుగుతుంది, అంతే. సముద్రానికి అది పనికిరాదు. డిస్క్ డ్రాగ్ ఉన్న రీల్ మస్ట్.

ఎంత గట్టిగా కాదు.. ఎంత మెత్తగా!

అసలు విషయం ఇక్కడే ఉంది. బాక్స్ మీద '20 పౌండ్ల డ్రాగ్', '30 పౌండ్ల డ్రాగ్' అని ఉంటుంది. అంటే అంత బలంతో లాగితేనే స్పూల్ తిరిగేలా బిగించొచ్చని అర్థం. నంబర్ పెద్దదైతే రీల్ మంచిదనుకుంటాం. కానీ ఆ శక్తి వాడే అవకాశమే దాదాపు రాదు.

ఎందుకంటే తాడు చివర టిప్పెట్ అనే సన్నని దారం ఉంటుంది. బోన్‌ఫిష్‌కి 12 పౌండ్ల టిప్పెట్ అంటే దాదాపు 5.4 కిలోల బలానికి తెగుతుంది. డ్రాగ్‌ని అందులో నాలుగో వంతు దగ్గర పెట్టుకోమని అనుభవం ఉన్నవాళ్లు చెప్తారు. అంటే కిలోంబావు, కిలోన్నర మధ్య. టార్పన్‌కి వాడే 20 పౌండ్ల టిప్పెట్‌కి కూడా రెండుంబావు కిలోలే. మరి 30 పౌండ్ల డ్రాగ్ దేనికి?

నమ్మకం కుదరట్లేదా? ఫ్లై రాడ్‌తో పట్టిన టార్పన్లలో ప్రపంచ రికార్డుగా పేరు తెచ్చుకున్న చేపని జిమ్ హాలండ్ జూనియర్ 2001లో ఫ్లోరిడాలో పట్టారు. బరువు 202 పౌండ్ల 8 ఔన్సులు.. అంటే దాదాపు 92 కిలోలు. వాడిన టిప్పెట్ 20 పౌండ్లది! 92 కిలోల చేపని 9 కిలోలకు తెగే దారంతో ఆపారంటే అది బిగింపు వల్ల అయ్యే పని కాదు.

మరి దేని వల్ల? మెత్తగా వదలడం వల్ల. ఇంట్లో బీరువా జరిపినప్పుడు గమనించే ఉంటారు. మొదట కదిలేదాకానే కష్టం, ఒక్కసారి కదిలాక ఈజీగా జరుగుతుంది. చౌక రీళ్ల డ్రాగ్ కూడా అంతే. మీరు కిలోన్నరకి సెట్ చేసి ఉంచినా, ఆగి ఉన్న స్పూల్ కదలడానికి మూడు కిలోల కుదుపు తీసుకుంటుంది. చేప పరుగు మొదలుపెట్టే ప్రతిసారీ ఆ కుదుపు టిప్పెట్ మీదే పడుతుంది. చాలా చేపలు తప్పించుకునేది ఆ క్షణంలోనే. మంచి డ్రాగ్‌కి ఆగి ఉన్నప్పుడూ, తిరుగుతున్నప్పుడూ పట్టులో తేడా తెలియదు. ఈ మాట బాక్స్ మీద రాయరు. చేత్తో లాగి చూస్తేనే తెలుస్తుంది.

పతంగి చరఖా చెప్పే లెక్క

సంక్రాంతికి పతంగులు ఎగరేసినవాళ్లకి ఈ పాయింట్ వెంటనే అర్థమవుతుంది. చరఖా నిండా మాంజా ఉన్నప్పుడు ఒక్క చుట్టుకి బోలెడంత దారం వస్తుంది. మాంజా అయిపోవస్తుంటే ఎంత తిప్పినా కొంచెమే. రీల్‌లోనూ సేమ్. కాకపోతే ఇక్కడ ఇంకో చిక్కుంది.

డ్రాగ్ పట్టేది మధ్యలో ఉన్న ఇరుసుని. ఆ పట్టు మారదు. కానీ తాడు వెళ్లిపోయే కొద్దీ చుట్ట సన్నబడుతుంది. పొడుగు స్పానర్‌తో తేలిగ్గా తిరిగే నట్టు, పొట్టి స్పానర్‌తో తిప్పాలంటే ఎక్కువ బలం కావాలి కదా! అలాగే చుట్ట సన్నబడే కొద్దీ దాన్ని తిప్పడానికి చేప ఎక్కువ బలంగా లాగాలి. చుట్ట అడ్డుకొలత 9 సెంటీమీటర్ల నుంచి 6కి తగ్గిందనుకోండి.. మీరు 2 కిలోలకి పెట్టిన డ్రాగ్ దానంతట అదే 3 కిలోలు అయిపోతుంది. మీరు నాబ్ ముట్టుకోలేదు! దీనికి తోడు నీళ్లలో వంకరగా ఉన్న వంద మీటర్ల తాడుని కూడా చేపే ఈడుస్తోంది. ఆ బరువు కూడా టిప్పెట్ మీదే.

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇక్కడే. చేప దూరం పోతోందని కంగారుపడి డ్రాగ్ బిగిస్తారు. ఫట్‌మని తెగుతుంది. నిజానికి అప్పుడు కొంచెం వదులు చేయాలి.

అందుకే సముద్రానికి 'లార్జ్ ఆర్బర్' రీల్ తీసుకోమంటారు. ఆర్బర్ అంటే స్పూల్ మధ్యలో ఉండే ఇరుసు భాగం. అది లావుగా ఉంటే తాడు ఎంత వెళ్లినా చుట్ట మరీ సన్నబడదు. డ్రాగ్‌లో తేడా తక్కువ.

రెండో లాభం చుట్టుకోవడంలో. మామూలు స్పిన్నింగ్ రీల్‌లో లోపల పళ్లచక్రాలు ఉంటాయి. హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే తాడు ఐదారు చుట్లు పడుతుంది. ఫ్లై రీల్‌లో ఆ సౌకర్యం లేదు, ఒక తిప్పుకి ఒకే చుట్టు. చుట్ట 8 సెంటీమీటర్లు ఉంటే ఒక తిప్పుకి 25 సెంటీమీటర్ల తాడు వస్తుంది. 90 మీటర్లు వెనక్కి చుట్టాలంటే 360 తిప్పులు! అదే చుట్ట 4 సెంటీమీటర్లే ఉంటే 700 దాటుతుంది. ఈలోగా చేప మనసు మార్చుకుని మన వైపే తిరిగి దూసుకొస్తే? తాడు వదులవుతుంది, హుక్ ఊడిపోతుంది.

వెనక దారం ఎంత ఉండాలి?

ఫ్లై లైన్ పొడవు 30 మీటర్ల దాకా మాత్రమే ఉంటుంది. దాని వెనక సన్నని గట్టి దారం చుడతారు, దీన్నే బ్యాకింగ్ అంటారు. బోన్‌ఫిష్‌కి 20 పౌండ్ల డాక్రాన్ 200 గజాలు, టార్పన్‌కి 30 పౌండ్లది 250 నుంచి 300 గజాలు పట్టే రీల్ చూసుకోండి. టెక్సాస్ తీరంలో దొరికే రెడ్‌ఫిష్‌కి ఇంత అవసరం లేదు, అది బలంగా గుంజుతుంది కానీ మరీ దూరం పారిపోదు. జెల్‌స్పన్ అనే ఇంకో రకం దారం సన్నగా ఉంటుంది, అదే రీల్‌లో ఎక్కువ పడుతుంది. కానీ వదులుగా చుడితే పై చుట్టు కింది చుట్లలోకి కోసుకుపోయి ఇరుక్కుంటుంది. పరిగెత్తే దారానికి వేలు తగిలిందా.. రక్తమే. మొదటి రీల్‌కి డాక్రాన్ చాలు.

ఉప్పు.. అసలు విలన్

వైజాగ్ బీచ్ రోడ్‌లోనో, కాకినాడలోనో ఉండేవాళ్లకి ఉప్పుగాలి గురించి చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఏమవుతాయో చూస్తూనే ఉంటారు. రీల్ అయితే నేరుగా ఆ నీళ్లలోనే మునుగుతుంది.

చౌక రీళ్లని కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేస్తారు. మంచివాటిని గట్టి అల్యూమినియం దిమ్మ నుంచి మెషీన్ మీద చెక్కుతారు. వివరాల్లో '6061 టీ6' అనే లోహం పేరు కనిపిస్తే అది ఈ రెండో రకం. దాని మీద ఆనోడైజింగ్ అనే రక్షణ పూత ఉండాలి. మన వంటింట్లో ఉండే నల్లటి హార్డ్ ఆనోడైజ్డ్ కుక్కర్ మీద ఉండేది ఇలాంటి పూతే. అది గీసుకుపోతే అల్యూమినియం తెల్లగా పొడి రాలడం మొదలవుతుంది. స్టీల్ స్క్రూలు అల్యూమినియంలో దిగిన చోట ఈ తినేయడం ఇంకా ఫాస్ట్‌గా జరుగుతుంది. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పు నీళ్లు.. బ్యాటరీ తయారైనట్టే కదా!

హ్యూస్టన్‌లో ఉండే మా బావ అనుభవం ఒకటి చెప్పాలి. గాల్వెస్టన్ వెళ్లొచ్చి, తడి రీల్‌ని కవర్‌లో పెట్టి గ్యారేజ్‌లో పడేశాడు. రెండు నెలల తర్వాత తీస్తే డ్రాగ్ నాబ్ తిరగలేదు. బలవంతంగా తిప్పి, 'పర్లేదులే' అనుకుని అదే పట్టుకెళ్లాడు. మొదటి రెడ్‌ఫిష్ పట్టీ పట్టగానే టిప్పెట్ తెంచుకుపోయింది. 'చేప పోయినందుకు కాదురా.. దాని నోట్లో నా హుక్ ఉండిపోయింది, అదే బాధ' అన్నాడు ఫోన్‌లో. ఈ ఆర్టికల్ రాయడానికి అసలు కారణం ఆ ఫోన్ కాలే.

సీల్డ్ డ్రాగా? బెండు డ్రాగా?

ఇక్కడ ఫ్యాన్స్ రెండు వర్గాలుగా విడిపోతారు. హంగరీ నుంచి అమెరికా వచ్చిన టెడ్ యురాచిక్ ఫ్లోరిడాలో తయారుచేసిన టైబర్ రీళ్లు, కాలిఫోర్నియాలో మొదలైన ఏబెల్ కంపెనీ రీళ్లు ఫేమస్ అయింది బెండు డ్రాగ్‌తోనే. సీసా మూతకి వాడే బెండే! పెద్ద బెండు బిళ్ల స్పూల్‌ని ఒత్తి పట్టుకుంటుంది. చాలా మెత్తగా వదులుతుంది, పాడైతే పడవలోనే విప్పి తుడుచుకోవచ్చు. కానీ అప్పుడప్పుడూ నూనె రాయాలి, శుభ్రం చేసుకోవాలి.

కొత్తగా వచ్చే చాలా రీళ్లలో డ్రాగ్‌ని కార్బన్ బిళ్లలతో చేసి, నీళ్లు, ఇసుక వెళ్లకుండా మూసేస్తున్నారు. ఇదే సీల్డ్ డ్రాగ్. మెయింటెనెన్స్ దాదాపు లేదు. లోపల ఏదైనా పోతే మాత్రం కంపెనీకి పంపాల్సిందే. బద్ధకస్తులకి (మనలో చాలామంది అదే కదా!) సీల్డ్ బెటర్. మా బావ లాంటివాళ్లకి డబుల్ బెటర్.

సొరచేప వస్తే?

ఇది చాలామంది ఆలోచించని పాయింట్. ఫ్లోరిడాలో 2013 నుంచి బోన్‌ఫిష్‌ని పట్టినా వదిలేయాల్సిందే. టార్పన్‌కీ అదే రూల్, రికార్డు కోసం ప్రత్యేక ట్యాగ్ తీసుకున్నవాళ్లకి మాత్రమే మినహాయింపు. కాబట్టి పోరాటం ఎంతసేపు సాగిందన్నది ముఖ్యం. గంటసేపు లాగి లాగి అలసిపోయిన చేపని వదిలినా ఈదలేదు. హామర్‌హెడ్, బుల్ షార్క్‌లు సరిగ్గా అలాంటి చేప కోసమే కాచుకుని ఉంటాయి. గేలానికి ఉన్న టార్పన్‌ని సగానికి కొరికేసిన సంఘటనలు అక్కడి గైడ్లకి కొత్త కాదు.

సొర కనిపించగానే చేయాల్సింది ఒకటే.. డ్రాగ్ పూర్తిగా వదిలేయడం. అప్పుడు టార్పన్ ఫ్రీగా ఈది తప్పించుకునే ఛాన్స్ ఉంటుంది. లేదంటే దారం తెంపేయాలి. కాబట్టి రీల్ కొనేటప్పుడు నాబ్ ఎంత తిప్పితే ఫుల్ నుంచి జీరోకి వస్తుందో చూడండి. నాబ్ పెద్దదిగా ఉండాలి, తడి చేతికీ చిక్కాలి. నాలుగైదు తిప్పులు తిప్పితే గానీ వదులవ్వని రీల్ ఆ టైమ్‌లో ఎందుకూ పనికిరాదు.

మరి పెద్ద నంబర్ ఎవరికి కావాలి?

ఒక్క చేప విషయంలో మాత్రం డ్రాగ్ బలం నిజంగా అవసరం. జెయింట్ ట్రెవల్లీ. జీటీ అని ముద్దుగా పిలుస్తారు. మన తీరంలో జాలర్లు పార అని పిలిచే చేపల కుటుంబమే, కానీ ఇది 50 కిలోలు దాటి పెరుగుతుంది. సీషెల్స్, కిరిబాటి దేశంలోని క్రిస్మస్ ఐలాండ్ దీనికి ఫేమస్. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అండమాన్‌లోనూ ఉంది. అక్కడ ఎక్కువమంది పాపర్ అనే పెద్ద ఎరతో, స్పిన్నింగ్ రీల్‌తోనే పడతారు. ఫ్లైతో ట్రై చేసేవాళ్లు తక్కువ.

జీటీ పడగానే తిన్నగా పగడపు దిబ్బల్లోకి దూరుతుంది. పరిగెత్తనిస్తే దారం కోసుకుపోతుంది. అందుకే ఇక్కడ సన్నని టిప్పెట్ వాడరు, 100 పౌండ్లు దాటిన లావు దారం నేరుగా కడతారు. డ్రాగ్ బిగించి నిలబెట్టాల్సిందే. 12 నంబర్ రాడ్, దానికి తగ్గ రీల్. ఇక్కడ చౌక రీల్ అయితే ఇరుసే వంగొచ్చు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

100 డాలర్ల దగ్గర మొదలై 1000 డాలర్లు దాటిన రీళ్లు కూడా ఉన్నాయి. రెడ్‌ఫిష్, చిన్న చేపలతో మొదలుపెట్టేవాళ్లకి మధ్య రేంజ్‌లో సీల్డ్ డ్రాగ్, లార్జ్ ఆర్బర్ ఉన్న రీల్ సరిపోతుంది. రంగురంగుల చేపబొమ్మల డిజైన్‌కి ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టడం మీ ఇష్టం, చేపకి అవేం కనపడవు. టార్పన్ కోసం ఫ్లోరిడా వెళ్తున్నారా? మొదటిసారికి గైడ్ దగ్గరున్న రీల్ వాడండి. చాలామంది గైడ్లు ట్రిప్‌లో భాగంగానే రాడ్, రీల్ ఇస్తారు. నచ్చాక కొనుక్కోవచ్చు.

ఏ చేత్తో తిప్పాలన్నదాని మీద పెద్ద చర్చే ఉంది. కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో తిప్పితే రాడ్ చేయి మార్చే పని ఉండదు. వందల తిప్పులు తిప్పాలంటే బలమైన చేయే ఉండాలని పాతతరం వాళ్ల వాదన. చాలా రీళ్లని రెండు వైపులా మార్చుకోవచ్చు కాబట్టి దీని గురించి టెన్షన్ వద్దు. ఇంకో విషయం, చేప పరిగెడుతుంటే ఈ రీళ్లలో హ్యాండిల్ కూడా గిర్రున తిరుగుతుంది. వేళ్లు దూరంగా పెట్టండి!

షాపులో, ఇంట్లో ఇలా టెస్ట్ చేయండి

షాపులో డ్రాగ్‌ని తక్కువలో పెట్టి తాడుని మెల్లగా లాగండి. తర్వాత ఒక్కసారిగా లాగండి. రెండుసార్లూ మొదటి కుదుపు చేతికి తెలియకూడదు. స్పూల్‌ని పక్కకి కదిపి చూడండి, లొడలొడలాడితే వద్దు.

ఇంటికొచ్చాక అమెరికా ప్రయాణాలు చేసే ప్రతి తెలుగింట్లో ఉండే లగేజ్ స్కేల్ తీయండి. అదే.. ఆవకాయ డబ్బాలతో సూట్‌కేస్ 23 కిలోలు దాటిందో లేదో చూసే స్కేల్. తాడు చివర దానికి కట్టి, ఇంకొకరిని పట్టుకోమని మెల్లగా లాగమనండి. స్పూల్ తిరగడం మొదలయ్యేటప్పుడు ఎంత చూపిస్తోంది, తిరుగుతున్నప్పుడు ఎంత చూపిస్తోంది? మీ టిప్పెట్ బలంలో నాలుగో వంతు దగ్గర సెట్ చేసి, నాబ్ మీద ఆ చోట మార్కర్‌తో చిన్న గీత పెట్టుకోండి. పడవ మీద కంగారులో ఆ గీతే ఆధారం.

తిరిగొచ్చాక కుళాయి నీళ్లు సన్నగా పోసి కడగండి. గొట్టంతో ఫోర్స్‌గా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. చేప బ్యాకింగ్ దాకా లాగిందంటే తడిసిన దారమంతా బయటికి తీసి కడగాలి. లేకపోతే ఉప్పు దాని కిందే ఉండిపోయి స్పూల్‌ని తినేస్తుంది. స్పూల్ తీసి ఆరబెట్టి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి. బిగించి వదిలేస్తే లోపలి బిళ్లలు అలాగే అణిగిపోయి, వచ్చే సీజన్‌కి ఆ మొదటి కుదుపు మళ్లీ మొదలవుతుంది. కవర్‌లో పెట్టేది పూర్తిగా ఆరాకే. మా బావ ఇప్పుడు గ్యారేజ్‌లో రీల్ ఆరబెట్టడానికి టేబుల్ ఫ్యాన్ పెట్టాడట.